కుడి వైపు అద్దం

కోడలు నోరు విప్పడం లేదు.

ఇన్‌స్పెక్టర్ పొద్దుటి నుంచీ అరిచాడు, బల్ల గుద్దాడు, టీ తెప్పించి బుజ్జగించాడు, మళ్లీ అరిచాడు. "మామయ్యగారికి మెలకువ వచ్చిందా?" అని అడగడం తప్ప ఆమె ఇంకో మాట మాట్లాడలేదు. గ్లాసులో టీ మీగడ కట్టింది.

పిన్ని వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుని ముందు ఆ గ్లాసు పక్కకి జరిపింది. ఆవిడ ఎవరికి పిన్నో ఎవరికీ తెలియదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు కానిస్టేబుళ్లు తగిలించిన పేరు, రిటైరయి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నా ఊడిరాలేదు. ఈ ఇన్‌స్పెక్టర్ కూడా ఒకప్పుడు ఆవిడ కింద పనిచేసినవాడే. అందుకే ఆవిడ గదిలోకి వస్తే అతని మీసం కాస్త బిగుసుకుంటుంది.

జరిగినది చెప్పుకోవడానికి చిన్నదే. రత్నాల దుకాణంలో రాళ్లు పరీక్షించే ముసలాయన నిన్న మధ్యాహ్నం మేడమెట్ల కింద తల పగిలి పడి ఉన్నాడు. ఇంకా స్పృహ రాలేదు. ఆయన బల్ల మీద ఉండాల్సిన పెద్ద నీలం రాయి కోడలి సంచీలో, కంటి చుక్కలమందు పెట్టుకునే పర్సులో దొరికింది. కొడుకు పోయాక ఆ ఇంట్లో మిగిలింది ఈ మామా కోడళ్లిద్దరే. సాయంత్రంలోగా ఆమెను కోర్టుకు పంపిస్తానని ఇన్‌స్పెక్టర్ పట్టు మీదున్నాడు. పంపితే అది ఇక మామూలుగా తేలే కేసు కాదని పిన్నికి తెలుసు.

"చుక్కలు ఏ కంటికి వేస్తున్నావమ్మా?" అని అడిగింది పిన్ని.

"కుడి కంటికండీ. శుక్లం ఆపరేషనైంది."

"అయ్యాక అద్దాలు మార్చారా?"

కోడలు చటుక్కున తలెత్తింది. "లేదండీ. అవే. పాతవే."

పొద్దుటి నుంచీ మాట పెగలని మనిషి ఇంత గబుక్కున జవాబు చెప్పడం పిన్నికి నచ్చింది. అబద్ధం అలవాటు లేనివాళ్లే అంత తొందరపడతారు.

"నువ్వు దాస్తున్నది రాయి సంగతి కాదు. ఇంకేదో ఉంది."

కోడలి కళ్లు నిండిపోయాయి. "మామయ్యగారికి మాటిచ్చానండీ. ఆయన లేచి చెప్పమంటే చెప్తాను. అంతవరకూ మీరు ఏం చేసినా సరే."

"ఈలోగా నిన్ను జైలుకి పంపిస్తే ఆయనకి చుక్కలు వేసేదెవరు?"

"అదేనండీ నా బెంగ. చెయ్యి కడుక్కోకుండా కన్ను ముట్టుకోవద్దని నర్సుకి కాస్త చెప్పరూ?"

వెనకాల ఇన్‌స్పెక్టర్ పళ్లు కొరకడం వినిపించింది. పిన్నికి మాత్రం ఆ పిల్ల మీద జాలి కలిగింది. తన మెడకు ఉచ్చు బిగుస్తుంటే ఇంకొకరి కన్ను గురించి ఆలోచిస్తున్న మనిషి మెట్ల మీంచి ఎవరినీ తొయ్యదు. కానీ జాలిని కోర్టులో సాక్ష్యంగా పెట్టలేరు కదా.

*

దుకాణంలో ముసలాయన పేరు భూతద్దం. ఆ పేరు ఊరికే రాలేదు. చిన్నప్పటి నుంచీ ఆయనకు దూరం ఆనదు, సీసా అడుగులంత మందం అద్దాలు పెట్టుకుంటేనే గుమ్మం కనిపిస్తుంది. అదే అద్దాలు తీసేసి రాయిని ముక్కు చివరికి తెచ్చుకుంటే, ఇతరులకు భూతద్దంలో కూడా దొరకని గీత ఆయన ఉత్త కంటికి దొరికేది. మైనస్ పద్దెనిమిది కళ్లు. లోకానికి అది లోపం, ఆయనకు అదే జీవనం.

అద్దాలు తీసిన క్షణం నుంచీ ఆయనకు జానెడు అవతల ఉన్నదంతా పొగమంచే. ఈ సంగతి దుకాణంలో అందరికీ తెలుసు. ఆయన అద్దాలు తీయగానే అవతలివాళ్లు ఒళ్లు విరుచుకునేవారు, ఆవులించేవారు, ఒకరినొకరు వెక్కిరించుకునేవారు. ఎదురుగా నాట్యం చేసినా ఆయనకు తెలియదని నవ్వుకునేవారు.

పిన్నిని ఈ వ్యవహారంలోకి పిలిచింది దుకాణం యజమాని. కొన్నాళ్లుగా అసలని అమ్మిన రాళ్లు నకిలీలని తేలి వెనక్కి వస్తున్నాయి.

"ఆయన కంటి మీద నమ్మకంతో వ్యాపారం చేసినవాణ్ణి పిన్నిగారూ," అన్నాడు యజమాని, కింద కొట్లో, చేతులు నలుపుకుంటూ. "శుక్లం వచ్చిందంటే ఆపరేషన్‌కి సెలవిచ్చాను. పొర తీయించుకుని అవే అద్దాలతో వచ్చి కూర్చున్నాడు. అంతకుముందు అమ్మిన రాళ్లు ఇంకా వెనక్కి వస్తూనే ఉంటే ఇక మానిపిద్దామనే అనుకున్నాను. ఆ మాట ఆయన చెవిలో కూడా వేశాను."

"నిన్న నీలం పైకి ఎవరు తీసుకెళ్లారు?"

"నేనే. అప్పుడు కోడలు చుక్కలు వేసి సీసా మూత పెడుతోంది. పెట్టేసి, సంచీ మెట్ల కింద వదిలి, అన్నం డబ్బా కడుక్కోవాలంటూ దొడ్లోకి వెళ్లింది. ఆయన చేతిలో రాయి పెట్టి నేను కిందికొచ్చేశాను."

"ఇంకెవరున్నారు?"

"ఎవరూ లేరు. బావమరిది కుర్చీ ఖాళీ. టీకి పోయుంటాడనుకున్నాను."

బావమరిది అంటే ముసలాయన భార్య తమ్ముడు. బావ పరీక్షించి పక్కన పెట్టిన రాయిని కాగితంలో పొట్లం కట్టి ముద్ర వేయడం అతని పని. పిన్ని పైకి వెళ్లేసరికి అతను ఆ గదిలోనే ఇన్‌స్పెక్టర్ పక్కన నిలబడి ఉన్నాడు. మెత్తని మనిషి. రుమాలుతో కళ్లొత్తుకుంటూ మాట్లాడుతున్నాడు.

"నేను టీకి వెళ్లానండీ. ఆ అమ్మాయి మందు వెయ్యడానికి రాకముందే వెళ్లిపోయాను. బావ అద్దాలు తీసేసి నీలాన్ని ఎడమ కంటికి ఆనించుకుని చూస్తున్నాడు. టీ తాగి వస్తా బావా అంటే తలూపాడు. తిరిగొచ్చేసరికి మెట్ల కింద..." రుమాలు మళ్లీ కళ్లకి అద్దుకున్నాడు.

"ఎప్పుడూ ఎడమ కన్నేనా?" అంది పిన్ని.

"పూర్వం కుడి కన్నేనండీ. ఆపరేషనయ్యాక ఎడమకి మారాడు. ఆ కన్ను ఇంకా పచ్చిగా ఉందేమో పాపం. సెలవిప్పిస్తే ఆస్పత్రికి వెళ్తానండీ. మెలకువొచ్చే వేళకి అయినవాళ్లు ఒక్కరైనా పక్కనుండాలి కదా."

"వెళ్లండి, వెళ్లండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్ ఉదారంగా.

అతను మెట్లు దిగిపోయాక పిన్ని గదిని తీరిగ్గా చూసింది. కిటికీ కింద బల్ల, బల్ల మీద దీపం. ఇటు ముసలాయన కుర్చీ, అటు బావమరిది కుర్చీ, మధ్య చేతికందేంత దూరం. బల్ల దగ్గర్నుంచి మెట్లకు వెళ్లే దారిలో ఒక పొట్టి స్టూలు, సగం తెరిచిన బీరువా తలుపు. బల్ల మీద పాత పేపరు పరిచి ఉంది. దాని మీద ముసలాయన అద్దాలు, కాళ్లు మడిచి, ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి.

"కథ తేలిపోయింది పిన్నిగారూ," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మామగారు అద్దాలు తీస్తే ఎదురుగా ఏనుగు నిలబడ్డా కనపడదు. ఆ సంగతి ఇంట్లో మనిషికంటే ఎవరికి బాగా తెలుసు? డబ్బా వంకతో దొడ్లోకి వెళ్లి, మళ్లీ పైకొచ్చి రాయి లాగేసింది. ఆయనకి చప్పుడు వినిపించి వెంటపడ్డాడు. తోసేసింది. సరుకు సంచీలోనే దొరికింది. ఇంకేం కావాలి మీకు?"

"ఒక్క ముక్క చెప్పు. ఇంత నంబరున్న మనిషి కుర్చీలోంచి లేస్తే మొదట చెయ్యి దేని మీదికి పోతుంది?"

"అద్దాల మీదికి."

"మరి అవి ఇక్కడే ఉన్నాయే."

"కంగారులో మర్చిపోయాడు. అందుకే పడ్డాడు!"

"పడింది మెట్ల మీద. దానికి ముందు ఈ స్టూలు తప్పుకున్నాడు, ఈ తలుపు తప్పుకున్నాడు. ఏదీ తగల్లేదు, ఏదీ దొర్లలేదు. పొగమంచులో నడిచే మనిషికి ఇది ఎలా కుదిరింది?"

పిన్ని ముసలాయన కుర్చీలో కూర్చుని తన కళ్లద్దాలు తీసింది. ఆవిడది మైనస్ ఆరు. ఎదుటి కుర్చీ చెదిరిపోయింది, ఇన్‌స్పెక్టర్ ఖాకీ రంగు మూటలా మిగిలాడు.

"ఎవరయ్యా నువ్వు?" అందావిడ.

"వేళాకోళం ఆపండి పిన్నిగారూ."

"వేళాకోళం కాదు. నాకే ఇలా ఉంటే ఆయనకి ఇంకెలా ఉండాలి?" తన అద్దాలు మళ్లీ పెట్టుకుని, ముసలాయనవి చేత్తో తీసుకుని పేపరు మీద ఆనించి కొద్దిగా పైకెత్తింది. ఎడమ అద్దం కింద అక్షరాలు చీమల్లా చిన్నవైపోయాయి. అద్దాన్ని జరిపి కుడి వైపు చూసింది. అక్షరాలు పేపర్లో ఎంతున్నాయో అంతే ఉన్నాయి. చిన్నవి కాలేదు, కదల్లేదు.

ఆవిడ అద్దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని తడిమింది. ఎడమది అంచు దగ్గర వేలి మందం ఉంది. కుడిది పలచగా ఉంది, కానీ లావుపాటి నల్ల ఫ్రేము ఆ తేడాని బాగా కప్పేసింది.

"ఇది ఉత్త గాజురా," అంది పిన్ని. "నిన్నటి నుంచీ మీ కళ్ల ముందే పడి ఉంది. పద ఆస్పత్రికి. కంటి డాక్టరు కూడా అక్కడే, కింది అంతస్తులో."

*

డాక్టరమ్మ పేషెంట్ల సంగతి బయటివాళ్లకి చెప్పే మనిషి కాదు. ఇన్‌స్పెక్టర్ టోపీ చూశాక కూడా కాసేపు తటపటాయించింది. కోడలి మీద కేసు పెడుతున్నారని విన్నాక మాత్రం కుర్చీ ముందుకు లాక్కుంది.

"ఆయన కన్ను మామూలు కన్ను కాదండీ. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా పొడుగ్గా ఉంటుంది. అందుకే దూరం ఆనదు. శుక్లమంటే అందరూ పొర అనుకుంటారు, గీకి పారేస్తామనుకుంటారు. పొర కాదు, కంట్లో ఉండే సొంత లెన్సే మసకబారిపోతుంది. దాన్ని తీసేసి కొత్త లెన్స్ లోపల పెడతాం. పెట్టే లెన్స్ ఎంత పవరుదో మేం ఎంచుకోవచ్చు. అంటే పుట్టి పెరిగిన నంబరుని కూడా దాంతోపాటే తీసెయ్యచ్చు."

"అయితే ఆయన కుడి కన్ను?" అంది పిన్ని.

"అలాంటి పొడుగు కన్నుకి కొలత తీయడమే కష్టం. ఒకటికి రెండుసార్లు, రెండు మెషీన్ల మీద కొలిచాం. ఇంత నంబరు అలవాటున్నవాళ్లు చాలామంది, చదువుకోడానికి వీలుగా జానన్నర దూరంలో కనిపించేలా పెట్టమంటారు. ఈయనకి అది చెప్తే, నా రాళ్లు ముక్కు చివర కదమ్మా కనిపించేది, జానన్నరకి ఏం కనిపిస్తాయి అన్నాడు. ఆ ముక్కు చివర చూపు ఇక రాదండీ అన్నాను." ఆవిడ చేతిలో పెన్ను బల్ల మీద పెట్టింది. "నా ఎదుట ఏడ్చేశాడు. చూపు వస్తుందంటే ఏడ్చిన పేషెంటుని నేను అంతకుముందు చూడలేదు."

"తర్వాత?"

"రెండ్రోజులు ఆలోచించుకుని వచ్చాడు. కుడి కంట్లో శుక్లం ముదిరిపోయింది, అది ఎటూ పనికిరాదు, దానికి దూరం చూపు పెట్టెయ్యండి అన్నాడు. ఎడమది ముట్టుకోవద్దన్నాడు. ఒక కన్ను లోకానికి, ఒక కన్ను కూటికి అన్నాడు. బయట ఎవరికీ చెప్పద్దని నా దగ్గరా, కోడలి దగ్గరా మాట తీసుకున్నాడు. ఒక కంటి పని పోయిందని తెలిస్తే దుకాణంలో ఉంచరని ఆయన భయం. పాత ఫ్రేములోనే ఒక పక్క ఉత్త గాజు వేయించుకున్నాడు."

"ఇప్పుడు అద్దాలు తీసేస్తే?"

డాక్టరమ్మ గది అవతలి గోడకు వేలాడుతున్న అక్షరాల చార్టు వైపు చెయ్యి చూపించింది. "ఆ కుర్చీలోంచి ఆ చార్టు దాదాపు చివరి వరస దాకా చదివాడు. అద్దాల్లేకుండా, కుడి కంటితో. చదివి, గోడ గడియారంలో సెకన్ల ముల్లు తిరుగుతోందమ్మా అన్నాడు చిన్నపిల్లాడిలా." మళ్లీ వెంటనే హెచ్చరికగా అంది, "కాకపోతే రెండు కళ్లకీ పొత్తు కుదరదు. ఆ అద్దాలు పెట్టుకుంటే ఒకదాంట్లో చిన్నగా, ఒకదాంట్లో మామూలుగా కనిపించి తల తిరుగుతుంది. రెండో కన్ను కూడా త్వరగా చేయించుకోండి, మెట్ల దగ్గర జాగ్రత్త అని చెప్తూనే ఉన్నాను."

"అదీ సంగతి!" ఇన్‌స్పెక్టర్ తొడ చరిచాడు. "తల తిరిగి తనే పడ్డాడన్నమాట."

"అయితే రాయి కూడా తల తిరిగి కోడలి సంచీలో పడిందా?" అంది పిన్ని.

అతని మీసం మళ్లీ బిగుసుకుంది. "మీ ఉద్దేశమేంటి పిన్నిగారూ? నేను పప్పులో కాలేశాననా?"

"రెండు కాళ్లూ వేశావు. ఆయన అద్దాలు తీస్తే గుడ్డివాడనే ధైర్యంతోనే దొంగ రాయి తీశాడన్నావు. అది నిజం, నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆయన గుడ్డివాడు కాదని లోకంలో తెలిసింది ఇద్దరికే. ఒకరు ఈ డాక్టరమ్మ, ఇంకొకరు రోజూ ఆ కంట్లో చుక్కలు వేసే కోడలు. ఆ పిల్ల ఆయన ఎదురుగా దొంగతనం చేస్తుందా? చేస్తే అద్దాలు తీసినప్పుడు చేస్తుందా?"

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ రాళ్లు తప్పింది ఆయన కంట్లో కాదు. ఆయన ఒక రాయి అసలని తేల్చి పక్కన పెట్టి, ఇంకోటి ముక్కు దగ్గరికి తెచ్చుకునేవాడు. ఆ కాస్సేపట్లో ఎదుటి కుర్చీలో చేతులు మొదటిదాన్ని మార్చేసేవి. ఆయన ముఖం ముందే, నిర్భయంగా. నిన్న కూడా అలాగే మార్చబోయాయి. ఈసారి ఎడమ కన్ను ఇంకో రాయిని చూస్తుంటే కుడి కన్ను ఆ చేతుల్ని చూసింది. అందుకే అద్దాల ధ్యాస లేకుండా లేచి, యజమానిని పిలవడానికి మెట్ల దాకా నడిచాడు."

"బావమరిదా? అతను టీకి వెళ్లాడు కదా!"

"వెళ్లాడు. కోడలు పైకి రాకముందే వెళ్లానన్నాడు. మరి నీలాన్ని యజమాని పైకి తెచ్చింది కోడలు చుక్కలు వేశాక. అప్పుడు అతని కుర్చీ ఖాళీ. అలాంటప్పుడు బావ నీలాన్ని ఎడమ కంటికి ఆనించుకుని చూడటం అతను ఎక్కడ చూశాడు?"

ఇన్‌స్పెక్టర్ ముఖంలో రంగు మారింది. లెక్క తప్పినవాడు వేళ్లు మడిచి మళ్లీ లెక్కపెట్టుకున్నట్టు పెదాలు కదిపాడు. "అంటే టీ తాగి తిరిగొచ్చాడు..."

"వచ్చాడు, తోశాడు. మెట్ల కింద కోడలి సంచీ ఉంటే రాయి అందులో వేసి, కొట్లోకి రాకుండా పక్క సందులోంచి వీధిలోకి జారుకున్నాడు. అది సరేగానీ, పైన వార్డులో మంచం పక్కన ఇప్పుడు ఎవరున్నారు?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వెళ్లండి వెళ్లండి అని పంపించిన మనిషి తనేనని ఇన్‌స్పెక్టర్‌కు గుర్తొచ్చింది.

*

లిఫ్టు కోసం ఆగలేదు. పిన్ని మోకాళ్లు మెట్టు మెట్టుకీ మొత్తుకున్నా వినిపించుకోలేదు. వార్డు గది బయట కానిస్టేబుల్ కుర్చీ ఖాళీగా ఉంది. అతను వరండా చివర టీ తాగుతూ కనిపించాడు. "ఆ బావమరిదిగారే పాపం, నేను చూసుకుంటాను, తాగి రండి అన్నారు సార్," అన్నాడు గ్లాసు దాచుకుంటూ.

తలుపు ఓరగా తీసి ఉంది. పిన్ని ఇన్‌స్పెక్టర్ చెయ్యి పట్టి ఆపింది.

మంచం పక్కన బావమరిది తలుపుకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. అతని రెండు చేతుల్లో దిండు ఉంది. ముసలాయన తలకు కట్టుతో, కళ్లు తెరిచి పైకప్పుకేసి చూస్తున్నాడు.

"బావా, నేనెవరో కనిపిస్తున్నానా?" అన్నాడు బావమరిది మెల్లగా.

"అద్దాల్లేవు కదరా. గొంతుని బట్టి నువ్వేననుకుంటున్నా."

"నిన్న ఏం జరిగిందో గుర్తుందా?"

"ఏం కనిపించిందనిరా గుర్తుండటానికి?"

బావమరిది భుజాలు దిగాయి. ఊపిరి వదిలి, దిండును కాళ్ల దగ్గర పెట్టాడు. "అంతా నీ కోడలి పనే బావా. రాయి దాని సంచీలోనే దొరికింది. పోలీసులు పట్టుకుపోయారు. నిన్నడిగితే నాకేం కనపడలేదని అదే మాట చెప్పు. నువ్వు కష్టపడకు."

ముసలాయన కళ్లు పైకప్పు మీదే ఉన్నాయి. ఇప్పుడు ఆయన నోరు మూసుకుంటే ఉద్యోగం మిగులుతుంది, ప్రాణమూ మిగులుతుంది. తెరిస్తే భూతద్దం అన్న పేరు ఈ గదిలోనే పోతుంది, ప్రాణం సంగతి చెప్పలేం. తలుపు దగ్గర మనుషులున్నారని ఆయనకు చెప్పడానికి పిన్ని చెయ్యి ఎత్తబోయింది.

ఆ అవసరం లేకపోయింది. ముసలాయన తల కొద్దిగా పక్కకు వాల్చాడు. ఆయన కుడి కన్ను బావమరిది భుజం మీదుగా గదంతా దాటి వచ్చి సూటిగా తలుపు దగ్గర ఆగింది.

"ఒరే," అన్నాడు బావమరిదితో, "ఆ తలుపు సందులో కళ్లద్దాలతో ఒకావిడ నిలబడింది. ఆవిడ వెనక మీసాల పోలీసాయన ఉన్నాడు, చొక్కాకి పై గుండీ ఊడింది. ఆయన్ని లోపలికి రమ్మను. నిన్న నువ్వు నీలం మార్చబోయింది ఎడమ చేత్తోనని చెప్పాలి."

బావమరిది వెనక్కి తిరగలేదు. తిరగాల్సిన పని లేదని అతనికి అర్థమైంది. ఇన్‌స్పెక్టర్ రెండంగల్లో వెళ్లి అతని మణికట్టు పట్టుకున్నాడు, ఇంకో చేత్తో తన చొక్కా గుండీ తడుముకున్నాడు. అది నిజంగానే ఊడి ఉంది.

పిన్ని మంచం దగ్గరికి వచ్చింది. ముసలాయన ఆవిడ ముఖాన్ని, ఎన్నడూ చూడని ముఖాన్ని, తీరిగ్గా చూశాడు.

"ఇక దుకాణంలో అందరికీ తెలిసిపోతుంది కదమ్మా," అన్నాడు.

"తెలిసిపోతుందండీ."

"పోనివ్వండి." ఆయన చెయ్యి దుప్పటి మీద వెతుక్కుంటున్నట్టు కదిలింది. "చుక్కల వేళ దాటిపోయింది. మా అమ్మాయిని పంపిస్తారా?"